డిజాస్టర్‌ని గ్రహపాటు అనొచ్చా?

అనకూడదనే నా అభిప్రాయం. కానీ ప్రశ్న అడిగినవారు తెలిసో తెలియకో అసలు చోటే తట్టారు.

ఇటాలియన్‌లో ఆస్ట్రో అంటే నక్షత్రం. దానికి ముందు చెడుని సూచించే 'డిస్' చేరితే డిజాస్ట్రో. చుక్కలు ఎదురు తిరిగినవాడి అవస్థ అన్నమాట. ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషుకి చేరింది. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో హొరేషియో అనే పాత్ర అపశకునాలు ఏకరువు పెడుతూ 'సూర్యుడిలో డిజాస్టర్లు' అంటాడు. అక్కడది నేల మీది ప్రమాదం కాదు, ఆకాశంలో కనబడిన కీడు. కొన్నేళ్లకే ఆయనదే మరో నాటకం కింగ్ లియర్‌లో ఎడ్మండ్ వెటకారంగా, మన చేతలవల్ల వచ్చిన డిజాస్టర్లకి సూర్యచంద్రుల్నీ చుక్కల్నీ ఆడిపోసుకుంటాం అంటాడు. అప్పటికే మాట కిందికి దిగింది: కీడు చూపే చుక్క పోయి, జరిగిన కీడే మిగిలింది. (ఇన్‌ఫ్లుయెంజాదీ ఇదే గోత్రం. అదీ నక్షత్రాల ప్రభావమే, తర్వాత జ్వరమైంది.)

మన గ్రహపాటు కూడా ఆకాశంలోనే పుట్టింది, నడక మాత్రం వేరు. డిజాస్టర్ భూకంపమంత పెరిగింది. గ్రహపాటు పొరపాటు పక్కన సర్దుకుంది. "ఏదో గ్రహపాటు, నోరు జారాను, మనసులో పెట్టుకోకండి" అంటాం. పెద్ద కష్టమొస్తే "నా గ్రహచారం ఇలా తగలడింది" అనేది వేరే మాట, అదీ ఆ మనిషి వరకే. ఊరు మునిగితే ఊరి గ్రహచారం అని పేపర్లో రాయరు. అందుకే 2005 నాటి చట్టానికి విపత్తు నిర్వహణ చట్టం అన్న పేరు బాగానే కుదిరింది. విపత్తులో గ్రహాల ఊసే లేదు.

ఇక తెలుగులో ఇంగ్లీషు మాటనే వాడితే అది వరద గురించి కాదు, సినిమా గురించి. ఫ్లాప్ కన్నా ఇంకో మెట్టు కింద: "మార్నింగ్ షోకే డిజాస్టర్ టాక్". స్టార్ సినిమాకి ఆ మాట పడ్డప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, రెండింట్లోనూ చుక్కే కదా.

వరదలో ఇల్లు కొట్టుకుపోయినవాడి దగ్గరకెళ్లి గ్రహపాటు అంటే కొడతాడు. డిజాస్టర్ తీసిన నిర్మాత మాత్రం ఒప్పుకోవచ్చు. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి మీదకి నెట్టేయొచ్చు కాబట్టి.