సార్కోమా, సర్కాజమ్: రెండూ చుట్టాలేనా?

ప్రశ్న: మా తమ్ముడు మెడిసిన్ చదువుతున్నాడు. సార్కోమా అనే క్యాన్సర్‌కీ, మనం వాడే సర్కాజమ్‌కీ మూలం ఒకటే అంటున్నాడు. నిజమా, నన్ను ఆటపట్టిస్తున్నాడా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: నిజమేనండీ. గ్రీకులో 'సార్క్స్' అంటే మాంసం, ఒంటి కండ. దాన్నుంచి పుట్టిన 'సార్కాజెయిన్' అనే క్రియకు కుక్కల్లా మాంసం పీకడం అని అర్థం. తర్వాత అది కోపంతో పెదవి కొరుక్కోవడానికి, ఆపైన చేదుగా ఎద్దేవా చేయడానికి వాడుకైంది. మనకీ 'పీక్కుతినడం' ఉంది కానీ, అది విసిగించడం. వాళ్ళది ఎత్తిపొడుపు.

మ్యూజియంలో కనిపించే రాతి శవపేటిక సార్కోఫాగస్ అంటే 'మాంసం తినేది'. ఇప్పటి టర్కీలోని అస్సోస్ దగ్గర దొరికే ఒక రాయి, పళ్ళు తప్ప శవాన్నంతా నలభై రోజుల్లో హరించేస్తుందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. శవం చెడకూడదని ఈజిప్టువాళ్ళు అన్ని తంటాలు పడితే, వాళ్ళ పేటికకు దక్కింది ఈ పేరు!

ఇక వైద్యానికి వస్తే, సార్కోమా అంటే మొదట్లో కండలా పెరిగే గడ్డ ఏదైనా. ఇప్పుడు ఎముక, మృదులాస్థి, కొవ్వు, కండరం లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లకే ఆ పేరు. చర్మంలో, అవయవాల లోపలి పొరల్లో పుట్టేది కార్సినోమా. ప్రాస కుదిరింది కానీ దాని మూలం వేరు, గ్రీకులో 'కార్కినోస్' అంటే పీత. పెద్దవాళ్ళకొచ్చే క్యాన్సర్లలో సార్కోమాలు సుమారు 1 శాతమే. ఎముకల్లో వచ్చే ఆస్టియోసార్కోమాకు వాడే మెథోట్రెక్సేట్ అనే మందు వెనక మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఉంది.

సార్కాయిడోసిస్ అనే జబ్బు పేరు మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. 1899లో నార్వే వైద్యుడు సీజర్ బోక్‌కు ఆ జబ్బులో చర్మం మీద వచ్చే గడ్డలు సార్కోమాలా అనిపించాయి. అది క్యాన్సర్ కాదు, పేరు మాత్రం అతుక్కుపోయింది.

'సార్కో' అన్నచోటల్లా 'మాంస' అని అనువదించేస్తే నాకు నచ్చదు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, వయసుతో కండ తగ్గిపోవడానికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. 'పీనియా' అంటే లేమి. దీనికి 'మాంసహీనత' ఎందుకండీ? 'కండ కరిగిపోయింది' అని మన ముసలివాళ్ళు ఎప్పటినుంచో అంటున్నదే. అనసార్కా కూడా అంతే, మన వాడుకలో ఒళ్ళంతా నీరు పట్టడం. గజ్జి పురుగు సార్కోప్టిస్ పేరైతే ఉన్నదున్నట్టు 'మాంసం కోసేది'. గోక్కున్నవాళ్ళెవరూ కాదనరు.

ఇంకొకరు: మాస్టారూ, పాంక్రియాస్ (క్లోమం) అనే మాటలోనూ మాంసమే ఉందంటారు కదా?

జవాబు: ఉందండీ, కానీ అది 'క్రెయాస్' అనే వేరే మాట. ఎక్కువగా తినే మాంసానికి వాడేవారు. 'పాన్' అంటే అంతా, కాబట్టి పాంక్రియాస్ 'అంతా మాంసమే'. సంస్కృత 'క్రవ్యం' దీనికి దాయాది. రాక్షసుణ్ణి క్రవ్యాదుడు అనేది అందుకే. 1832లో షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మాంసం నుంచి ఒక పదార్థం తీసి, ఇదే మూలంతో క్రియేటిన్ అన్నాడు. జిమ్ కుర్రాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగే పొడి అదే.