.315 రైఫిల్ బ్యారెల్ ఊడటం లేదు, వైస్‌లోనే తిరిగిపోతోంది

ప్రశ్న (పర్లాకిమిడి, లైసెన్సున్న రిపేరు షాపు):
ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు భాగం లోపల తుప్పు గుంటలు పడ్డాయి, బ్యారెల్ మార్చాలి. మామూలు బెంచి వైస్‌లో చెక్క పెట్టి బిగించి, యాక్షన్‌కి (బ్యారెల్ వెనక, తూటాని మూసే బోల్టు నడిచే ఇనుప బాడీకి) పెద్ద పైపు పానా వేశాం. బ్యారెల్ చెక్కలో జారి తిరుగుతోంది, పైన గీతలు కూడా పడ్డాయి. గ్యాసుతో వేడి చేస్తే వదులుతుందా?

జవాబు (లేత్ మేస్త్రి, బరంపురం):
గ్యాసు మంట వద్దు, పైపు పానా వెంటనే తీసేయండి. ఆ యాక్షన్‌ది లీ ఎన్‌ఫీల్డ్ వరస. ముందు రింగ్ (బ్యారెల్ మర ఎక్కే చోటు) తప్ప వెనకంతా పక్కలు పలచగా ఉంటాయి. పానా వెనక పట్టుకుంటే మర వదలకముందే బాడీ మెలి తిరుగుతుంది. అలా తిరిగిందంటే బోల్టు సాఫీగా నడవదు, లగ్గులు (బోల్టుని యాక్షన్‌లో ఆపే చెవులు) సమంగా ఆనవు, ఆ యాక్షన్ ఇక పనికిరాదు. మంట పెడితే ఉక్కుకి ఇచ్చిన పదును పోతుంది. పైకి రంగు మారిందో లేదో చూసి లోపల ఏమైందో చెప్పలేం.

బ్యారెల్ జారడానికి కారణం నూనె. పట్టే చోటు అసిటోన్‌తో రెండుసార్లు తుడవండి. ఎండిన తుమ్మ చెక్క దిమ్మకి బ్యారెల్ సైజు కన్నం వేసి, నిలువునా రెండుగా కోయండి. రంపం తిన్న 2, 3 మి.మీ. సందు అలాగే ఉండాలి, లేకపోతే చెక్కకి చెక్క ఆనిపోయి బ్యారెల్ మీద పట్టు రాదు. కన్నంలో గుగ్గిలం మెత్తగా నూరి చల్లండి. మన ఏజెన్సీ సంతల్లో దొరికే సాల గుగ్గిలం చాలు. బెంచి వైస్ మరకి ఇంత బలం ఉండదు. రెండు మందపాటి ఇనుప దిమ్మల మధ్య ఈ చెక్కలు పెట్టి, నాలుగు 16 మి.మీ. బోల్టులు మూలమూలకీ మార్చి మార్చి బిగించండి. పట్టు యాక్షన్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మూతి వైపు పడితే బ్యారెలే స్ప్రింగులా మెలి తిరిగి పానా మీద కొట్టే దెబ్బ బలం మింగేస్తుంది.

జవాబు (రాయగడ):
పై మేస్త్రిగారు చెప్పినదానికి ముందు చేయాల్సినవి. చాంబర్ ఖాళీయో కాదో కంటితోనూ వేలితోనూ చూడండి. బోల్టు, మ్యాగజైన్ తీసేయండి. రైఫిల్ చెక్క భాగాలు విప్పేటప్పుడు బ్యారెల్ కిందుండే ముందు చెక్కే మొదట తీయాలి. ఈ వరసలో బట్ బోల్టు (వెనక చెక్కని యాక్షన్‌కి బిగించే పొడవాటి బోల్టు) చివర నలుచదరంగా ఉండి ముందు చెక్కలోని పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క ఉండగా బట్ బోల్టు తిప్పితే ఆ చెక్క వెనక చీలిపోతుంది.

బ్యారెల్ అంచూ యాక్షన్ అంచూ కలిసే చోట, కింద వైపు, పదునైన ఉలితో సన్నటి గీత ఒకటే దెబ్బలో పెట్టండి. తర్వాత మర కదిలిందో లేదో ఆ గీతే చెబుతుంది. ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే ట్రాన్స్‌మిషన్ ఆయిలు (ఏటీఎఫ్), అసిటోన్ సగం సగం కలిపి ఆ సందులో చుక్కలు వేస్తూ రెండు మూడు రోజులు నానబెట్టండి. కదిపి వాడాలి, రెండూ విడిపోతాయి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చెక్క పట్టే చోటికి ఈ నూనె పాకనివ్వకండి.

ప్రశ్న వేసినవారు:
పానా రింగ్ మీద ఎలా కూర్చోవాలి? ఎటు తిప్పాలి?

జవాబు (లేత్ మేస్త్రి, బరంపురం):
రెండు ముక్కల పానా చేయించండి. రింగ్ ఆకారానికి సరిగ్గా అరగదీసి, మధ్యలో పలచటి ఇత్తడి రేకు వేసి బోల్టులతో బిగించాలి. పిడి 3, 4 అడుగులుండాలి. మర కుడిచేతిది. బ్యారెల్ వైస్‌లో ఉండగా బట్ వైపు నిలబడి చూస్తే, యాక్షన్ గడియారానికి ఎదురు తిరగాలి. పిడి పట్టుకుని వేలాడితే చెక్క నెమ్మదిగా జారుతుంది. పిడి చివర సీసపు సుత్తితో ఒకే గట్టి దెబ్బ కొట్టండి. ‘టక్’మని చప్పుడు వచ్చి గీత వెంట్రుకవాసి పక్కకి జరిగితే పనైనట్టే, మిగతాది చేత్తో వచ్చేస్తుంది.

అప్పటికీ రాకపోతే, బ్యారెల్ ఎలాగూ పారేసేదే కాబట్టి లేత్ మీద భుజానికి (బ్యారెల్ యాక్షన్ అంచుకి ఆనే మెట్టుకి) 1 మి.మీ. ముందు సన్నటి గాడి మర వ్యాసం దాకా కోయండి. బిగుతంతా ఆ భుజం దగ్గరే ఉంటుంది, గాడి పడగానే తగ్గిపోతుంది. పనికొచ్చే బ్యారెల్ మీద మాత్రం ఇది చేయకూడదు.

జవాబు (గుణుపురం):
ఒక్క మాట. కొత్త బ్యారెల్ ఎక్కించాక పైన ఉండే చదును యాక్షన్‌తో సరిగ్గా కలవాలి, లేకపోతే సైటు ఒరుగుతుంది. తూటా అడుగున అంచు (రిమ్) ఉన్న రకం కాబట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్టు ముఖానికీ తూటా ఆనే చోటికీ మధ్య సందు) ఆ అంచు మందం దగ్గరే చూడాలి. ఆ తూటా గేజీలతో ‘గో’ (కనీస సందు కొలత) మీద బోల్టు మూసుకోవాలి, ‘నో గో’ (మించకూడని కొలత) మీద మూసుకోకూడదు. బోల్టు మూసేటప్పుడు రెండు వేళ్ల బలం చాలు.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం రిపేరుకి కూడా లైసెన్సు కావాలి, అది మీకుంది. పాత బ్యారెల్ నంబరు, కొత్తదాని నంబరు పని మొదలెట్టకముందే రిజిస్టరులో రాయండి. విప్పిన బ్యారెల్ షాపు మూల పడేయకుండా తాళం కింద ఉంచండి.