ఆర్డర్ నంబర్ 11: జనరల్ యూయింగ్‌కి వేరే దారి ఉందా?

పాతపేజీలు:
అమెరికా అంతర్యుద్ధంలో మిస్సోరీ-కాన్సస్ సరిహద్దు కాపలా యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వ పక్షం) జనరల్ థామస్ యూయింగ్‌ది. 1863 ఆగస్టు 21న దక్షిణాది పక్షాన పోరాడే క్వాంట్రిల్ గెరిల్లాలు కాన్సస్‌లోని లారెన్స్ మీద పడి 150 మందికి పైగా మగవాళ్లనీ కుర్రాళ్లనీ చంపేశారు. నాలుగు రోజులకే యూయింగ్ ఆర్డర్ నంబర్ 11 ఇచ్చాడు. మిస్సోరీ వైపు జాక్సన్, కాస్, బేట్స్ కౌంటీలు, వెర్నన్‌లో కొంత భాగం 15 రోజుల్లో ఖాళీ చేయాలి. సైనిక స్థావరాల చుట్టుపక్కల కొద్ది చోట్లకే మినహాయింపు. గెరిల్లాలకి తిండి, మేత, కబురు అన్నీ ఆ ఇళ్ల నుంచే అందేవి. నన్నడిగితే ఇది తప్పనిసరి.

శారద_కాన్సస్:
తప్పనిసరి అంటే ఒప్పుకోనండీ. యూనియన్‌కి విధేయులమని రుజువు చేసుకున్నవాళ్లూ ఇల్లు వదలాల్సిందే. వాళ్లకి దక్కిందల్లా ఒక సర్టిఫికెట్, దగ్గర్లోని స్థావరానికో కాన్సస్ లోపలికో పోయే అనుమతి. మరి విధేయత చూపి ఏం లాభం? పోనీ, శత్రువులే తిట్టారా అంటే అదీ కాదు. చిత్రకారుడు జార్జ్ కాలెబ్ బింగమ్ యూనియన్ పక్షం మనిషి, మిస్సోరీ రాష్ట్ర కోశాధికారి. ఆయన వేసిన బొమ్మ చూడండి: నేల మీద కుర్రాడి శవం, సైనికుడికి ఎదురు నిలిచిన ముసలాయన, ఆయన్ని పట్టుకుని వేలాడుతున్న ఆడమనిషి, వెనక పొగ. గుర్రం మీద యూయింగ్ తాపీగా చూస్తుంటాడు.

గోదారోడు:
బొమ్మని సాక్ష్యం అంటే ఎలా మేడమ్! ఆగస్టు 13న కాన్సస్ సిటీలో కూలి, గెరిల్లాల ఇంటి ఆడపిల్లల్ని బలి తీసుకున్న ఖైదు భవనం బింగమ్ కుటుంబానిదే. ఆయనకి సైన్యం మీద కోపం ముందే ఉంది. ఇంకో మాట. కాన్సస్ సెనేటర్ జిమ్ లేన్ జనాన్ని పోగేసి మిస్సోరీ మీదికి దూకుతానని గోల చేస్తున్నాడు. యూయింగ్ ఏమీ చేయకపోతే ఆ మూక చేసేది.

శారద_కాన్సస్:
అదే నా బాధ! 1861లో మిస్సోరీలోని ఓసియోలా ఊరిని దోచి తగలబెట్టింది ఆ లేన్ మనుషులే. పగతో రగిలిపోతున్న కాన్సస్ దళాల చేతికే ఈ ఆర్డర్ అమలు అప్పగిస్తే దోపిడీ జరగదా? పదివేల జనాభా ఉన్న కాస్ కౌంటీలో 600 మంది మిగిలారంటారు. గెరిల్లాలేమో అక్టోబరు 6న కాన్సస్‌లోని బాక్స్‌టర్ స్ప్రింగ్స్ దగ్గర యూనియన్ జనరల్ బ్లంట్ వెంట ఉన్న దళాన్ని ఊచకోత కోశారు.

పాతపేజీలు:
కానీ మరో లారెన్స్ జరగలేదు కదా. అది లెక్కలోకి రాదా?

గోదారోడు:
నేను పాతపేజీలు గారి వైపే గానీ, ఒకటి మాత్రం మింగుడుపడదు. లింకన్ హత్య కేసులో, హంతకుడికి వైద్యం చేసిన డాక్టర్ మడ్ తరఫున 1865లో వాదించింది ఈ యూయింగే. పౌరుల్ని విచారించే హక్కు సైనిక కోర్టుకి లేదన్నాడు. రెండేళ్ల ముందు విచారణ మాటే లేకుండా వేలమందిని రోడ్డు మీదికి నెట్టింది ఎవరు?

పాతపేజీలు:
1863లో సైన్యాధికారి, 1865లో వకీలు. లారెన్స్‌లో శవాలు ఇంకా పూడ్చుతుండగా ఆ వకీలు వాదన ఎవరు వినేవాళ్లు చెప్పండి?