పైథాన్ 3.13లో 19 మాడ్యూళ్ళు పీకేశారు: ఇది ఇల్లు సర్దడమా, చేతులు దులుపుకోవడమా?

స్విచ్చుబోర్డు
మొన్న రాత్రి రెండింటికి ఫోన్. మా దగ్గర 140 పాత నెట్‌వర్క్ స్విచ్‌లున్నాయి. దూరం నుంచి లాగిన్ అవడానికి వాటికి ఎన్‌క్రిప్షన్ ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ రాదు, అది లేని పాత టెల్‌నెట్ ఒక్కటే వచ్చు. రోజూ రాత్రి వాటి కాన్ఫిగ్ బ్యాకప్ తీసే స్క్రిప్టు తొమ్మిదేళ్ళ కింద నేనే రాశాను. ఇన్నేళ్ళలో దాన్ని ముట్టుకోవాల్సిన పని పడలేదు. సర్వర్ టీమ్ వాళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12 తీసి 13 వేశారు. దాంతో పైథాన్ 3.13 వచ్చింది. స్క్రిప్టు మొదటి వరుసలోనే ‘టెల్‌నెట్‌లిబ్ అనే మాడ్యూల్ లేదు’ అని చచ్చింది.

తెలియనివాళ్ళకి: మాడ్యూల్ అంటే భాషతో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్ ముక్క, పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోసం రాసే ప్రతిపాదన. అలా పెప్ 594 అని ఒకటి ఉంది. 2019లో క్రిస్టియన్ హైమ్స్ మొదలుపెట్టారు, తర్వాత బ్రెట్ కానన్ చేరారు, 2022 మార్చిలో ఆమోదం వచ్చింది. 3.11 నుంచి హెచ్చరికలు ఇచ్చి, 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13తో 19 మాడ్యూళ్ళు తీసి అవతల పడేశారు. సీజీఐ, క్రిప్ట్, ఆడియోఆప్, టెల్‌నెట్‌లిబ్ అన్నీ అందులోవే.

నా ప్రశ్న ఒకటే. ‘బ్యాటరీలు లోపలే ఉన్నాయి’ అని చెప్పుకునే కదా ఈ భాష ఇంతమందిని పోగేసింది. ఇప్పుడు ఆ బ్యాటరీలు పీక్కుపోవడం ఏం న్యాయం?

అర్ధరాత్రి డీబగ్గర్
ఇంకా టెల్‌నెట్టా బాస్? పాస్‌వర్డ్ బట్టలిప్పుకుని వైరు మీద పరిగెడుతుంది కదా.

మూడోకన్ను
స్విచ్చుబోర్డు గారూ, కోపం అర్థమైంది. కానీ ఆ 19 ఏంటో ఒక్కసారి చూడండి. సునావ్ అంటే సన్ వర్క్‌స్టేషన్ల కాలపు ఆడియో ఫైళ్ళు చదివేది. ఓఎస్‌ఎస్‌ఆడియోదేవ్ అంటే లైనక్స్‌లో ఆల్సా రాకముందు నాటి సౌండు వ్యవస్థకి. ఎన్‌ఐఎస్, యూయూ, ఎన్‌ఎన్‌టీపీ... ఇవి ఈ ఏడాదిలో ఎవరు వాడారో చేతులెత్తండి. పెప్‌లో ఒక పట్టిక ఉంది, అందులో ‘దీన్ని చూసుకునేవాళ్ళున్నారా’ అని ఒక గడి ఉంది. చాలా వాటికి ఎదురుగా లేరు, లేరు, లేరు.

చూసుకునే దిక్కు లేని కోడ్ అటక మీద పాత సామాను లాంటిది కాదు. అటక సామాను తిండి అడగదు. ఇది అడుగుతుంది. ప్రతి కొత్త వెర్షన్‌కీ దాన్ని కంపైల్ చేయాలి, పరీక్షలు నడపాలి, సెక్యూరిటీ లోపం దొరికితే పరుగెత్తాలి. ఆ పరుగెత్తేది మీరూ నేనూ కాదు.

ల్యాబ్ మాస్టారు
నేను ఇంజనీరింగ్ కాలేజీలో పైథాన్ ల్యాబ్ చూస్తాను. 60 సిస్టమ్‌లు. పరీక్ష రోజు ఇంటర్నెట్ తీసేస్తాం. అప్పుడు పిల్లాడి చేతిలో ఉండేది పైథాన్‌తో వచ్చిందే. ‘పిప్ ఇన్‌స్టాల్ కొట్టుకో, నెట్ నుంచి ప్యాకేజీ దిగుతుంది’ అనేవాళ్ళు ఒకరోజు మా ల్యాబ్‌కి రావాలి.

ఇంకోటి. సర్దడం అంటే పీకేయడమేనా? ముందు పేర్లు సర్దండి. డేట్‌టైమ్ లోపల మళ్ళీ డేట్‌టైమ్ ఎందుకని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఫంక్షన్ల పేర్లు చిన్న అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాయమని మేం బోర్డు మీద రాస్తాం. లాగింగ్ తెరిస్తే గెట్‌లాగర్‌లో మధ్యలో పెద్ద ఎల్. యూనిట్‌టెస్ట్‌లో అసర్ట్‌ఈక్వల్‌ది కూడా అదే వరస. ‘సార్, పైథాన్ వాళ్ళే పాటించరు, మాకెందుకు మార్కులు కట్ చేస్తారు’ అన్నాడు ఒకడు. వాడికి నా దగ్గర జవాబు లేదు.

మూడోకన్ను
మాస్టారూ, పేర్లు మార్చిన ముచ్చట కూడా అయింది. 2008లో 3.0తో క్యూ, కాన్ఫిగ్‌పార్సర్ లాంటి మాడ్యూళ్ళ పేర్లలో పెద్ద అక్షరాలు చిన్నవి చేశారు, యూఆర్‌ఎల్‌లిబ్ ముక్కలన్నీ ఒక గూట్లోకి తెచ్చారు. జనం 2.7 పట్టుకుని 2020 దాకా వేలాడారు. పేర్లొక్కటే కారణం కాదు, ఒప్పుకుంటా. కానీ ఆ దెబ్బ తిన్నాక మళ్ళీ ఎవరు చేయి పెడతారు?

ఫొటో స్టూడియో
పీకేసినవాటిలో ఐఎంజీహెచ్‌డీఆర్ పోయినందుకు నేను కొబ్బరికాయ కొట్టాను. ఫైలు ఏ రకం బొమ్మో చెప్పే మాడ్యూల్ అది. మా సైట్లో పెళ్ళి ఫొటోలు అప్‌లోడ్ చేస్తే కొన్ని జేపీజీలను ‘ఇది బొమ్మే కాదు’ అని తిప్పికొట్టేది. విసిగిపోయి దాని కోడ్ తెరిచా. 7వ బైటు నుంచి 10వ బైటు దాకా ‘జేఎఫ్‌ఐఎఫ్’ గానీ ‘ఎక్సిఫ్’ గానీ ఉంటేనే జేపీజీ అట! ఫొటోషాప్ నుంచి వచ్చిన కొన్ని ఫైళ్ళలో అదే చోట ‘అడోబ్’ అని మొదలవుతుంది. అంతే, గోవిందా. భాషతో పాటు వచ్చింది కదా అని మూడు నెలలు నా కోడ్‌నే అనుమానించా.

స్విచ్చుబోర్డు
అది బగ్గు. బగ్గుంటే సరిచేస్తారు. తలనొప్పికి తల తీయరు.

పాడ్‌కాస్ట్ పిచ్చోడు
మధ్యలో వచ్చినందుకు సారీ. పైడబ్ అనే ప్యాకేజీతో ఆడియో కట్ చేస్తుంటే పైఆడియోఆప్ లేదంటోంది. ఇది కూడా ఈ గొడవేనా?

అర్ధరాత్రి డీబగ్గర్
అసలు పాయింట్ మర్చిపోతున్నారు. టెల్‌నెట్ అనేది ఎన్‌క్రిప్షన్ లేని ప్రోటోకాల్. అది లైబ్రరీలో ఉంటే కొత్తవాళ్ళు వాడతారు. తీసేయడం మంచిదే.

స్విచ్చుబోర్డు
అయ్యా, ఆ స్విచ్‌లు బయటి నెట్‌తో సంబంధం లేని వేరే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీలో కూడా పాస్‌వర్డ్ తెరిచే పోతుంది, మరి ఎఫ్‌టీపీలిబ్‌ని ఎందుకు ఉంచారు? దీనికి జవాబు చెప్పు ముందు.

అర్ధరాత్రి డీబగ్గర్
ఎఫ్‌టీపీలిబ్‌లో టీఎల్‌ఎస్ ఉంది, అంటే ఎన్‌క్రిప్షన్.

స్విచ్చుబోర్డు
మామూలు ఎఫ్‌టీపీ కూడా ఉంది!

(ఈ ఇద్దరూ ఇదే విషయం మీద ఇంకో తొమ్మిది పోస్టులు పెట్టారు. కలిపి మడిచాను. — మోడరేటర్)

చింతపండు
భోగికి పాత సామాను మంటలో వేస్తాం, బాగానే ఉంది. అమ్మమ్మ రుబ్బురోలు కూడా వేస్తామా?

ఫొటో స్టూడియో
రుబ్బురోలు మండదండీ.

మూడోకన్ను
స్విచ్చుబోర్డు గారూ, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. డెబియన్ 12లో ఉన్నది పైథాన్ 3.11. టెల్‌నెట్‌లిబ్‌ని ఇంపోర్ట్ చేయగానే ‘ఇది పాతబడింది, 3.13లో తీసేస్తాం’ అని 3.11 నుంచే అరుస్తుంది. మీకు కనబడలేదా?

స్విచ్చుబోర్డు
స్క్రిప్టు క్రాన్‌లో, అంటే టైముకి దానంతటదే, నడుస్తుంది. అవుట్‌పుట్ దేవ్ నల్‌కి, అంటే చెత్తబుట్టకి, పోతుంది.

మూడోకన్ను
ఎర్రర్లు కూడానా?

స్విచ్చుబోర్డు
అన్నీ.

అర్ధరాత్రి డీబగ్గర్
😂😂 వాళ్ళు రోజూ రాత్రి గొంతు చించుకుని చెప్పారు, మీరు రోజూ రాత్రి దాన్ని మురిక్కాలవలో పోశారు.

స్విచ్చుబోర్డు
నవ్వుకో నాయనా. 140 స్విచ్‌లు, ఒక్కో దానికి ఇరవై వరుసల అవుట్‌పుట్, రోజూ మెయిల్‌కి వస్తే నువ్వు చదువుతావా? హెచ్చరిక ఇచ్చాం అంటే అయిపోయిందా? పంచాయతీ ఆఫీసు గోడకి నోటీసు అంటించి ఇల్లు కూల్చినట్టుంది.

మూడోకన్ను
మరి ఇంటింటికీ వచ్చి చెప్పాలా? పోనీ, ఇప్పటికైనా దారి ఉంది కదా. పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐ సైట్లో స్టాండర్డ్-టెల్‌నెట్‌లిబ్ అని అదే కోడ్ ప్యాకేజీగా ఉంది. వేసుకుంటే స్క్రిప్టులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. రెండు నిమిషాల పని.

స్విచ్చుబోర్డు
రెండు నిమిషాలా! మా కంపెనీలో బయటి ప్యాకేజీ ఏదైనా రావాలంటే ఒక ఫారం, ఇద్దరి సంతకాలు, సెక్యూరిటీ వాళ్ళ సమీక్ష. పోయినసారి ఒక చిన్న ప్యాకేజీకి ఆరు వారాలు పట్టింది. ఎవరు రాశారు, ఎవరు చూసుకుంటున్నారు, రేపు వాడు అకౌంట్ పోగొట్టుకుంటే ఏంటి అని అడుగుతారు. వాళ్ళడిగేదీ తప్పు కాదు. 2016లో జావాస్క్రిప్టులో పదకొండు వరుసల లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీ తీసేస్తే ఎన్ని ప్రాజెక్టులు ఆగిపోయాయో మర్చిపోయామా? భాషతో వచ్చినదానికి ఈ ప్రశ్నలేవీ ఉండవు. పైథాన్‌కి ఒకసారి అనుమతి వస్తే లోపలున్న అన్నిటికీ వచ్చినట్టే. మీకు అది అటక సామాను. నాకది గేట్‌పాస్.

ల్యాబ్ మాస్టారు
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

పాడ్‌కాస్ట్ పిచ్చోడు
ఎవరైనా నాకు చెప్తారా ప్లీజ్ 🙏

మూడోకన్ను
అదేనండీ అసలు సంగతి. మీకు కావాల్సింది టెల్‌నెట్ కాదు. మీ కంపెనీ సంతకం పెట్టదు కాబట్టి మీ తరఫున ఇంకెవరో సంతకం పెట్టాలి. జీతం లేకుండా.

స్విచ్చుబోర్డు
నోరు అదుపులో పెట్టుకో. నేనేం ముష్టి అడగట్లేదు. ఇన్నేళ్ళుగా ఉన్నదాన్ని ఉంచమంటున్నా. నువ్వేమైనా పైథాన్ కోర్ డెవలపర్‌వా, అంత ఉలికిపడుతున్నావు?

మూడోకన్ను
కాదు. కానీ చెప్తా విను. కాలేజీలో ఉండగా తెలుగు తేదీలు, అంకెలు మార్చే చిన్న ప్యాకేజీ ఒకటి రాశా. సరదాకి. ఆరేళ్ళు చూసుకున్నా. మా నాన్న ఐసీయూలో ఉన్న వారంలో ఒక పెద్ద కంపెనీ ఇంజనీరు ఇష్యూ తెరిచాడు: ‘దీనివల్ల మా రిలీజ్ ఆగింది, మీకు బాధ్యత లేదా?’ ఆసుపత్రి కారిడార్‌లో కుర్చీ మీద కూర్చుని లాప్‌టాప్‌లో ప్యాచ్ చేశా. కనీసం థాంక్స్ కూడా లేదు, కింద ఇంకో బగ్ రాశాడు. మర్నాడు ఆ ప్యాకేజీ రిపోజిటరీని ఆర్కైవ్ చేసి మూసేశా. పారిపోయావని తిట్టినవాళ్ళున్నారు. ‘ఉన్నదాన్ని ఉంచడమే కదా’ అంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఉంచడం అనేదే పని.

చింతపండు
నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

మూడోకన్ను
బాగున్నారండీ. థాంక్స్.

స్విచ్చుబోర్డు
నాకా సంగతి తెలీదు. ‘నువ్వు’ అన్నందుకు సారీ.

అయినా నా బాధ పోలేదు. పొద్దున్న ఇంకో దారి చూశా. పాత 3.12లోంచి టెల్‌నెట్‌లిబ్ ఫైలు ఒక్కటీ కాపీ చేసి మా రిపోలో పెట్టుకోవచ్చు. మొత్తం పైథాన్‌లోనే రాశారు, ఆరేడు వందల వరుసలు, లైసెన్సు కూడా ఒప్పుకుంటుంది. కానీ పెట్టిన క్షణం నుంచి అది మా కోడ్. మా రూల్ ప్రకారం ప్రతి ఫైలు మీదా ఓనర్ పేరు ఉండాలి. రేపు అందులో లోపం దొరికితే స్కానర్ నా పేరు చూపిస్తుంది. నేను రాయని కోడ్‌కి నా పేరు.

మూడోకన్ను
2019లో వాళ్ళు చూసుకున్నదీ అదే కదండీ. వాళ్ళు రాయని కోడ్, వాళ్ళ పేరు.

అర్ధరాత్రి డీబగ్గర్
లేదా 3.12 మీదే ఉండండి. 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ ఫిక్సులొస్తాయి. ఈలోపు స్విచ్‌లు మార్చమని మీ బాస్‌ని అడగండి.

స్విచ్చుబోర్డు
140 స్విచ్‌ల కొటేషన్ చూపిస్తే మా బాస్ నన్ను మారుస్తాడు.

ల్యాబ్ మాస్టారు
నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సీజీఐలో హెడర్‌ని ముక్కలు చేసే చిన్న ఫంక్షన్ ఉండేది, పార్స్ హెడర్ అని. దానికి బదులు ఈమెయిల్ మాడ్యూల్లో మెసేజ్ అనే క్లాసు వాడమన్నారు. వెబ్ సర్వర్ పాఠంలో ఈమెయిల్ ఎందుకొచ్చిందో రెండో ఏడాది పిల్లలకి ఎలా చెప్పను?

ఫొటో స్టూడియో
హెడర్లు రెండింట్లోనూ ఒకే తీరులో ఉంటాయి, అందుకు. కానీ మీరన్నది నిజం, పిల్లలకి చెప్పడం కష్టమే.

చింతపండు
ఏం పీకినా పర్లేదు, బొమ్మలు గీసే టర్టిల్ మాడ్యూల్ జోలికి మాత్రం రావద్దు. మా పాప నిన్ననే ముగ్గు వేసింది దాంతో.

ల్యాబ్ మాస్టారు
3.14లో కూడా ఉందమ్మా, భయపడకు.

స్విచ్చుబోర్డు
అప్‌డేట్: ఫైలు కాపీ చేసి పెట్టేశా. ఓనర్ గడిలో నా పేరే రాశా. బ్యాకప్ నడిచింది, 140కి 138. మిగతా రెండు స్విచ్‌లు నాలుగు నెలలుగా పలకట్లేదని ఇవాళే తెలిసింది. క్రాన్‌లోంచి దేవ్ నల్ తీసేశా.

అర్ధరాత్రి డీబగ్గర్
నాలుగు నెలలు 😶

మూడోకన్ను
పాడ్‌కాస్ట్ పిచ్చోడు గారూ, మీ ప్రశ్న ఇందాకటి నుంచీ అలాగే ఉండిపోయింది, సారీ. అవును, ఇదే గొడవ. ఆడియోఆప్ కూడా పోయింది. పిప్‌తో ఆడియోఆప్-ఎల్‌టీఎస్ వేసుకోండి, పైడబ్ నడుస్తుంది.

పాడ్‌కాస్ట్ పిచ్చోడు
నడిచింది!! దీన్ని ఎవరు చూసుకుంటారు?