కొత్తగా బ్లాగు తెరిచాను, మొదటి టపా దగ్గరే ఆగిపోయాను

చుక్కలపుస్తకం:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే డ్రీమ్‌విడ్త్ అనే బ్లాగుల సైటులో ఖాతా తెరిచాను. రాత్రిళ్లు మేడ మీద కూర్చుని బైనాక్యులర్‌తో ఆకాశం చూడటం, చూసింది నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ రాతలన్నీ బీరువాలోనే ఉండిపోతున్నాయి. ఇదే ఇష్టం ఉన్న నలుగురితో మాట కలపాలని ఇటు వచ్చాను.

“నా బ్లాగుకు స్వాగతం, ఇక్కడ ఖగోళం, పుస్తకాలు, జీవితం గురించి రాస్తాను” అని ఒక టపా సిద్ధం చేసుకున్నాను. ప్రచురించడానికి మనసొప్పడం లేదు. నేను శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు, తప్పు రాస్తానేమోనన్న జంకు ఒకటి. పైగా సబ్‌స్క్రైబ్ అని ఒకటి, యాక్సెస్ అని ఒకటి విడివిడిగా కనిపిస్తున్నాయి, వాటి తేడా అర్థం కాలేదు. ముఖపరిచయం లేనివారి టపా కింద వ్యాఖ్య రాస్తే అతిచొరవ అనుకుంటారా? అసలు పేరుతో రాయాలా, కలంపేరుతోనా?

పాతకాపు:

ఆ స్వాగత టపా పక్కన పెట్టేయండి. చదివేవారికి అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. మీ నోటుపుస్తకం తెరిచి ఈమధ్య రాసిన పేజీ ఒకటి ఉన్నదున్నట్టు ఎక్కించండి. ఆ పేజీ ఇలా ఉందనుకుందాం: “రాత్రి తొమ్మిదిన్నర. గురుగ్రహం పక్కన మూడు చుక్కలే ఉన్నాయి. నాలుగో చంద్రుడు లేడు. పదకొండు దాటాక మళ్లీ చూస్తే గ్రహానికి ఎడమవైపు, బాగా దగ్గరగా, ఇంకో చుక్క తేలింది. ఇంతసేపూ గ్రహం వెనక ఉన్నాడా, ముందు నుంచి దాటుతున్నాడా? చెప్పలేను.”

నా దృష్టిలో మంచి మొదటి టపా అంటే ఇదే. ఆ చివరి మాట చూడండి. జవాబు తెలిసినవారు దాన్ని చదివి ఊరుకోలేరు. తెలియనివారు కూడా ఆ రాత్రికి మేడ ఎక్కుతారు. అన్నీ తేల్చేసి రాసిన టపాను జనం మెచ్చుకుని వెళ్లిపోతారు. పదిమంది కలిసి రాసుకునే చోట చదివేవాడు కాలు పెట్టడానికి కాస్త చోటు వదలాలి. కొత్తవారికి నేను చెప్పగలిగింది ప్రధానంగా ఇదొక్కటే, మిగతావన్నీ నెమ్మదిగా వాటంతట అవే అలవడతాయి.

శాస్త్రం చదవలేదన్న జంకు వదిలేయండి. 1610 జనవరి 7న గెలీలియో గురుగ్రహం దగ్గర చూసిందీ మూడు చుక్కలే. మామూలు నక్షత్రాలే అనుకుని రాసుకున్నాడు. నాలుగోది 13న గాని లెక్కకు రాలేదు. రోజు రోజూ గీసుకున్న ఆ చుక్కల స్థానాలను పోల్చి చూడబట్టే అవి గ్రహం చుట్టూ తిరుగుతున్నాయని తేలింది. మీరు చూసింది చూసినట్టు, సమయంతో సహా రాయండి. కారణం చెప్పబోయేటప్పుడు “ఇది నా ఊహ” అని ఒక మాట చేర్చండి. ఎవరైనా సరిదిద్దితే పాత వాక్యం చెరిపేయకుండా దాని కిందే తేదీ వేసి సవరణ రాయండి. చెరిపేస్తే, శ్రద్ధగా సరిదిద్దిన మనిషి వ్యాఖ్య దేని గురించో తర్వాత వచ్చినవారికి తెలియదు. అది వారికి అన్యాయం.

ఇక సబ్‌స్క్రైబ్, యాక్సెస్ సంగతి. 1999లో మొదలైన లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటులో ఒకరిని ‘ఫ్రెండ్’గా చేర్చుకుంటే రెండు పనులు ఒకేసారి జరిగేవి: వారి టపాలు మీ పేజీలోకి వచ్చేవి, మీరు తాళం వేసుకున్న (ఎంచుకున్నవారికే కనిపించే) టపాలు వారికి తెరుచుకునేవి. ఒకరి రాతలు చదవాలనుంటుంది గానీ మన సొంత విషయాలు చూపించాలని ఉండదు. జాబితాలోంచి తీసేస్తే స్నేహమే తెగిపోయిందని అవతలివారు నొచ్చుకునేవారు. ఆ కోడ్ ఆధారంగానే 2009లో వచ్చిన డ్రీమ్‌విడ్త్ ఈ రెంటినీ విడదీసింది. సబ్‌స్క్రైబ్ అంటే వారి రాతలు మీ చదివే పేజీలోకి రావడం. యాక్సెస్ అంటే మీ తాళం టపాలు చదివే అనుమతి వారికి ఇవ్వడం. మొదటిది ధారాళంగా చేయండి. రెండోది మనిషి తెలిశాక ఇవ్వండి. ఎవరైనా మీకు యాక్సెస్ ఇచ్చారని మీరూ తిరిగి ఇవ్వనక్కరలేదు, ఇక్కడ దాన్నెవరూ అమర్యాదగా చూడరు.

వ్యాఖ్యల గురించి అడిగారు. అందరికీ కనిపించేలా టపా పెట్టి, కింద వ్యాఖ్యల పెట్టె తెరిచి ఉంచారంటే మాట్లాడమనే కదా. కాకపోతే ఉత్త “బాగుంది” అన్న వ్యాఖ్యతో మాట ముందుకు సాగదు. “అష్టమినాటి చంద్రుడిలో వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర గుంటలు బాగా కనిపించాయన్నారు. నాకు పున్నమినాడు అవే గుంటలు చదునుగా తోచాయి. మీకూ అలాగే ఉందా?” అని రాసి చూడండి. మీరు టపా మొత్తం చదివారని ఆ రచయితకు తెలుస్తుంది. ఆయన మీ బ్లాగు వైపు రావడానికి అంతకన్నా మంచి పిలుపు లేదు.

వెన్నెలపిట్ట:

పాతకాపు గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. ప్రతి టపాలోనూ ప్రశ్న ఉండాలనుకోకండి. నిజంగా సందేహం ఉన్నప్పుడే అడగండి. చదివేవారి కోసం తెచ్చిపెట్టుకున్న ప్రశ్న ఇట్టే తెలిసిపోతుంది. వ్యాఖ్య ఒక్కటీ రాని టపాలను కూడా జనం చదువుతారు. నేను ఏళ్ల తరబడి వ్యాఖ్య రాయకుండా చదివిన బ్లాగులు ఉన్నాయి, వాటి రచయితలంటే నాకు ప్రాణం.

మీ ప్రొఫైల్‌లో ‘ఆసక్తులు’ అనే వరుసను ఖాళీగా వదలకండి. అక్కడ రాసిన ప్రతి మాటా లంకెగా మారుతుంది. నొక్కితే అదే ఆసక్తి రాసుకున్న వ్యక్తులు, కమ్యూనిటీలు (పదిమంది కలిసి టపాలు పెట్టే ఉమ్మడి పేజీలు) కనిపిస్తాయి. ‘ఖగోళం’ ఒక్కటే రాసి వదిలేయకుండా గురుగ్రహం, చంద్రుడు, బైనాక్యులర్ అని విడివిడిగా చేర్చండి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ. మీకు కావలసిన నలుగురూ అక్కడే దొరుకుతారు.

తాళంచెవి:

పేరు విషయం ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతాను. కలంపేరు పెట్టుకోండి. అసలు పేరు తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు, చెప్పాక వెనక్కి తీసుకోవడం కష్టం. కలంపేరు పెట్టుకుని ఇంటి మేడ ఫొటో ఎక్కించేస్తే మాత్రం ప్రయోజనం లేదు. ఫోనులో లొకేషన్ తెరిచి ఉంటే, ఫొటో ఎక్కడ తీసిందీ అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫైలులోనే నమోదవుతుంది. కొన్ని సైట్లు దాన్ని తీసేస్తాయి, అన్నీ తీయవు. ఎక్కించే ముందు మీరే తీసేయడం మేలు. తాళం వేసిన టపా కూడా చదివినవారు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి బయటపెట్టగలిగేదే. ఇంకొకరి రహస్యాన్ని అక్కడ కూడా రాయకండి.

ఫొటోకు వివరణ రాసే చోట ‘చంద్రుడు’ అని ఒక్క మాటతో సరిపెట్టవద్దు. చూపులేనివారికి స్క్రీన్ రీడర్ ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తుంది. “సగం చంద్రుడు, కుడివైపు వెలుగు, చీకటి అంచు పొడవునా గుండ్రటి గుంటల నీడలు” అని రాస్తే వారూ మీతో పాటు ఆకాశం చూసినట్టే.

నోటుపుస్తకం మాత్రం పారేయకండి, బ్లాగులో రాసినదానికి కూడా ఒక నకలు మీ కంప్యూటర్‌లో ఉంచుకోండి. జనం తమ రాతలు పెట్టుకున్న సైట్లు జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. ముందుగా హెచ్చరించినా, సమయానికి చూసుకోనివారి రాతలు వాటితోనే పోయాయి. మీవి తేదీలున్న పరిశీలనలు, మళ్లీ రాసుకుందామంటే కుదరదు.

చుక్కలపుస్తకం:

అందరికీ కృతజ్ఞతలు. స్వాగత టపా తీసేశాను. ఆసక్తులు నింపగానే ఆకాశ పరిశీలకుల కమ్యూనిటీ ఒకటి కనిపించింది, చేరాను. నోటుపుస్తకంలోంచి శనిగ్రహం గురించిన పేజీ ఒకటి ఎంచుకున్నాను. నా బైనాక్యులర్‌లో వలయం విడిగా కనిపించదు, గ్రహమే కాస్త కోలగా సాగినట్టు ఉంటుంది. అది వలయం వల్లనా, నా చేతి వణుకు వల్లనా అన్న అనుమానం ఇప్పటికీ తీరలేదు. దీన్ని నా బ్లాగులో పెట్టాలా, ఆ కమ్యూనిటీలోనా?

పాతకాపు:

మీ బ్లాగులో పూర్తిగా పెట్టండి, అది మీ చోటు. కమ్యూనిటీలో పెట్టే ముందు దాని ప్రొఫైల్ పేజీలో నియమాలు చదవండి. కొన్నిచోట్ల లంకె ఇస్తే చాలంటారు, కొన్నిచోట్ల టపా మొత్తం అక్కడే ఉండాలంటారు. ఫొటోలు ఎక్కువైతే మొదటిది మాత్రం పైన ఉంచి మిగతావి ‘కట్’ (నొక్కితేనే తెరుచుకునే భాగం) వెనక పెట్టమంటారు, చదివే పేజీలో ఒక్కరి టపాయే నిండిపోకుండా. నియమం స్పష్టంగా లేకపోతే నిర్వాహకులను అడగండి, కొత్తవారు అడిగితే ఎవరూ విసుక్కోరు.

చేతి వణుకు సంగతి తేల్చుకోవడానికి ఒక పని చేయండి. బైనాక్యులర్‌ను ముక్కాలి స్టాండుకు బిగించి, అదే రాత్రి శనిని, పక్కనే ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఒకదాని తర్వాత ఒకటి చూడండి. నక్షత్రం చుక్కలా నిలిచి శని ఒక్కటే కోలగా ఉంటే అది వలయం పనే. రెండూ సాగితే తేడా కటకానిది. ఈ టపా పెట్టాక లంకె ఇక్కడ ఇవ్వండి, మొదటి వ్యాఖ్య నాదే.