‘నీరు కొలది తామర’ దగ్గర ఆగాలా, ‘తామరవు’ అనాలా?

తిరుపతి వాసి:
సభ్యులకు నమస్కారం. మా ఇంటి పాత అంబాసిడర్‌లో ట్యాంకు నింపినా పెట్రోలు ముల్లు లేవడం మానేసినందువల్ల, మెకానిక్ ట్యాంకులోని పెట్రోలు మట్టాన్ని మీటరుకు తెలిపే యూనిట్‌ను బయటికి తీసి, దాని ఫ్లోటును (పెట్రోలు మీద తేలే బుడ్డిని) చేత్తో ఎత్తుతూ దించుతూ ముల్లు కదలడం లేదని చూపిస్తుండగా, అన్నమయ్య ‘ఎంత మాత్రమున’ కీర్తన చివరి చరణంలోని మాట ఒకటి సగమే గుర్తుకు వచ్చింది. ‘నీరు కొలది తామర’ వరకు నిస్సందేహంగా ఉంది కానీ, దాని తర్వాత ‘వు’ ఉన్నదా లేదా అన్నది తేలడం లేదు. పాటలో ఆ అక్షరం వినిపించీ వినిపించనట్లు జారిపోతుంది.

చిత్తూరు అయ్యవారు:
‘నీవలన కొరతే లేదు మరి నీరు కొలది తామరవు’ అన్నదే నా పాఠం. పై చరణంలో ‘అల్పంబవుదువు’, ‘ఘనుడవు’ అని స్వామిని నేరుగా సంబోధిస్తూ వచ్చిన కవి, ఇక్కడికి వచ్చేసరికి ఆ మధ్యమ పురుషను (‘నీవు’ అనే పిలుపును) వదిలిపెట్టడానికి కారణం కనబడదు. నీవు తామరవు, మా తలపు నీరు, నీరెంతో నీవంత. పల్లవిలోని ‘పిండంతే నిప్పటి’కి (పిండి ఎంతో అప్పం అంత) ఇది సరిగ్గా సరిపోతుంది.

శ్రీకాళహస్తి మిత్రుడు:
అయ్యవారితో విభేదించక తప్పదు. ‘నీరు కొలది తామర’ అన్నది జనం నోట నానిన సామెత. సామెతను పట్టుకుని దానికి ‘వు’ తగిలించడం అన్నమయ్య పద్ధతిగా నాకు తోచదు. ‘పిండంతే నిప్పటి అన్నట్లు’ అని సామెతను సామెతగానే ఉంచినవాడు కదా. పైగా పంక్తికి చివర ఉన్న అక్షరం కాబట్టి ప్రాస కూడా మనకు సాయం రాదు. నీవలన, ఆవల, శ్రీవేంకటపతి, ఈవల అని రెండో అక్షరాన ‘వ’కారం నడుస్తున్నదే తప్ప, చివరి అక్షరం ఎవరి అదుపులోనూ లేదు.

పుత్తూరు పాఠకురాలు:
పుత్తూరు, నగరి వైపు తమిళం కూడా చదువుకున్న మాబోటివారికి ఈ పంక్తి వినగానే తిరుక్కుఱళ్ 595వ పద్యం గుర్తుకు వస్తుంది. ‘వెళ్ళత్తనైయ మలర్నీట్టం’ అంటే నీటి లోతు ఎంతో పూవు కాడ అంత. అక్కడ ఆ పోలిక మనిషి ఉన్నతి అతని మనసును బట్టి ఉంటుందని చెప్పడానికి వచ్చింది. అదే పోలికను అన్నమయ్య దేవుడికి తిప్పాడని ఒప్పుకుంటే, అయ్యవారు చెప్పిన ‘వు’ లేకుండా ఆ తిప్పడం పూర్తి కాదు. అయితే మొదట అడిగిన అన్నగారి ఫ్లోటు మాత్రం ఈ తామరకు సరైన ఉదాహరణ కాదేమో. నీరు పెరిగితే కాడ సాగుతుంది కానీ, నీరు తగ్గితే కాడ పొట్టిది కాదు. ఫ్లోటు పెట్రోలుతో పాటు దిగిపోతుంది.

రేణిగుంట సభ్యుడు:
కార్ల పని కొంత తెలిసినవాణ్ణి కాబట్టి ఒక మాట. ఫ్లోటు ఎత్తినా ముల్లు కదలకపోతే వెంటనే కొత్త యూనిట్ కొనవలసిన పని లేదు. పెట్రోలు ఆవిరికి దూరంగా, ఇగ్నిషన్ వేసి, యూనిట్‌కు వచ్చే తీగను ఒక్క క్షణం బాడీకి ఆనించి చూడండి. ఈ తరహా మీటర్లలో ముల్లు నెమ్మదిగా నిండు గీత వైపు వెళ్తే మీటరూ తీగా బాగున్నట్లు. లోపం యూనిట్‌లో గానీ దాని ఎర్తులో గానీ ఉంటుంది. యూనిట్ లోపల చేతికి అమర్చిన మొన, చుట్టిన నిరోధపు తీగ మీద జరుగుతూ ఉంటుంది. ఆ తీగ అరిగిపోయిన చోట ముల్లు పడిపోతుంది. ఇత్తడి ఫ్లోటుకు చిల్లు పడి లోపలికి పెట్రోలు చేరితే, ట్యాంకు నిండా ఉన్నా ముల్లు ఖాళీ వైపే నిలుస్తుంది. కొత్తది బిగించేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి, లాక్ రింగును ఇనుప ఉలితో కాకుండా ఇత్తడి ముక్కతో తట్టి తిప్పాలి. రబ్బరు వాషరు కొత్తదే వేయాలి.

అసలు జాగ్రత్త మరొకటి ఉంది. నిండినప్పుడు నిరోధం 30 ఓములకు దగ్గరగా, ఖాళీ అయినప్పుడు 240 ఓములకు దగ్గరగా ఉండే యూనిట్లు ఒక రకం; ఖాళీకి 0, నిండుకు 90 ఓములు ఇచ్చేవి మరో రకం. మొదటి రకం మీటరుకు రెండో రకం తగిలిస్తే, పెట్రోలు అయిపోయినప్పుడే ముల్లు నిండు చూపిస్తుంది. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనే మన ఇళ్లలో ఆ మీటరు ఒక్కటే మర్యాద తెలిసి మాట్లాడుతున్నట్లు!

చిత్తూరు అయ్యవారు:
‘నిండుకొను’ గురించి వేరే చర్చ పెట్టుకుందాం. చిల్లు పడిన ఫ్లోటు సంగతి మాత్రం నా పాఠానికి బలమే ఇస్తున్నది. ‘నీవలన కొరతే లేదు’ అని ముందే అన్నాడు కదా? అంటే లోపం తామరలో లేదు, తగ్గితే నీరే తగ్గాలి. చెడిపోగల ఫ్లోటును పక్కన పెట్టి, చెడిపోవడానికి వీలులేని తామరను ఆయన తీసుకున్నాడు. ఆ తామర స్వామే అయి ఉండాలి గనుక ‘తామరవు’.

శ్రీకాళహస్తి మిత్రుడు:
అలాగైతే తర్వాతి పంక్తిని ఎక్కడ పెడతారు? ‘ఆవల భాగీరథి దరి బావుల ఆ జలమే ఊరినయట్లు’ అన్నచోట స్వామి నీరయ్యాడు, తామర కాడు. మా స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వినవారికి ఇది చెప్పనక్కరలేదు; ఏటి మట్టమే చెలమలో మట్టం. ఒక పంక్తిలో స్వామిని తామరను చేసి, మరుసటి పంక్తిలోనే నీటిని చేశాడంటారా? ‘తామర’ అని సామెతగా చదివితే ఈ చిక్కు రాదు.

పుత్తూరు పాఠకురాలు:
చిక్కు ఉండటమే అన్నమయ్య సొగసు అని నా అభిప్రాయం. ‘కొలుతురు మిము వైష్ణవులు’ అన్నప్పుడు కొలవడం పూజే. కానీ ‘తలపుల కొలదుల’ అనేసరికి అదే ధాతువు కొలతలోకి ఒరుగుతుంది. ఒకే కీర్తనలో కొలుపునూ కొలతనూ పక్కపక్కన నడిపించినవాడికి, స్వామిని ఒకసారి పువ్వుగా మరోసారి నీరుగా చూడటం ఇబ్బంది కాదు.

తిరుపతి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. తీగను బాడీకి ఆనించగానే ముల్లు నిండు వైపు లేచింది; కాబట్టి లోపం యూనిట్‌దే. 240 నుంచి 30 ఓముల రకమే తెప్పిస్తున్నాను. చేతి పొడవు ట్యాంకు లోతుకు సరిపోతుందో లేదో కొలిచి చూశాకే బిగిస్తాం. ‘వు’ విషయంలో ముద్రిత సంపుటం చూసి చెబుతాను.

చిత్తూరు అయ్యవారు:
చూడండి గానీ, ఈ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద పదాలు విడగొట్టి చెక్కలేదు, విడగొట్టినది పరిష్కర్త. రేకు నకలు దొరికితే తప్ప ముద్రిత ప్రతి ఒక్కటే తీర్పు కాదు.

శ్రీకాళహస్తి మిత్రుడు:
రేకు చూసేటప్పుడు ‘నీరు కొలది’యా, ‘నీటి కొలది’యా అన్నది కూడా గమనించమని మనవి. వ్యాకరణం ‘నీటి’ అనమంటుంది; నీరుకోడి, నీరుకాకి వంటివి ‘నీరు’ వైపు సాక్ష్యం చెబుతున్నాయి. ‘నీవలన’తో యతి రెండింటికీ చెల్లుతుంది. అయ్యవారు దీనికి ఏమంటారు?