మగ్గం గుంట పూడ్చాక పడుగు పోగులు తెగుతున్నాయి, తేమే కారణమా?

పడుగుపేక, మంగళగిరి:
నాన్నగారికి మోకాళ్ల నొప్పులని సంక్రాంతి వెళ్లాక, కాళ్లు లోపల పెట్టి నేసే మగ్గం గుంట పూడ్పించి, సిమెంటు గచ్చు చేయించి స్టాండు మగ్గం వేశాను. శివరాత్రి దాకా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక పడుగు పోగులు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలు, తెగడం మొదలైంది. అదే 80వ నంబరు నూలు, గంజి పెట్టేదీ అదే మనిషి. ఉదయం తొమ్మిది వరకు ఫరవాలేదు. మధ్యాహ్నం రెండింటికి జానెడు నేసేలోపు అయిదారు తెగుతున్నాయి, మగ్గం కింద తెల్లటి పొడి రాలుతోంది. "నేలను కప్పేశావు, నూలుకు దాహం వేస్తోంది" అంటారు నాన్నగారు. మొదట నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఏం చేయాలి?

పాత మిల్లు మనిషి, గుంటూరు:
దాహమన్న మాట సరిగ్గా సరిపోయింది. నూలు మిల్లులో తేమ యంత్రాల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. పత్తి గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. 100 కిలోల పొడి పత్తికి 8.5 కిలోల నీరు ఉంటుందని వ్యాపారంలోనే లెక్క కడతారు. ఆ నీరు తగ్గితే పోగు బిరుసెక్కి, సాగకుండా తెగుతుంది. తడిస్తే పత్తికి బలం పెరుగుతుంది. కలప గుజ్జుతో చేసే విస్కోస్ దారం దీనికి పూర్తిగా ఎదురు, తడిస్తే దాదాపు సగం బలం పోతుంది. మీ దగ్గర రాలే పొడి గంజే అయి ఉంటుంది. ఎండి పెళుసెక్కి, అచ్చుకు (పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి పలకకు) రాసుకుని ఊడిపోతుంది. ఇక పోగుకు రక్ష ఏది?

మిల్లుల్లో నూలు వడికే రింగు ఫ్రేముల దగ్గర 55 నుంచి 60 శాతం, మగ్గాల షెడ్డులో 75 నుంచి 80 శాతం తేమ ఉంచుతారు. ఒక మే నెలలో మా పంపు ఆగిపోయింది. రెండు గంటల్లో దూది గాలిలోకి లేచింది, ముట్టుకుంటే యంత్రం చురుక్కుమనేది. అలాగని అతిగా పెంచితే పత్తి రోలర్లకు చుట్టుకుంటుంది. మా మేనేజరుగారికి ఈ రెండో సంగతి ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

చీరాల కోడలు:
ముందు ఫ్యాను పడుగు మీదికి రాకుండా తిప్పండి. మా అత్తగారు మగ్గం కింద తడి గోనెలు పరుస్తారు. పడుగు మీద మాత్రం నీళ్లు చల్లకండి. నేను కొత్తలో తెలివి ఉపయోగించి చల్లితే, గంజి జిగురై పోగులు అతుక్కుని పడుగు మొత్తం పాడైంది. ఇంకో మాట, గుంటను మరీ పొగడకండి. వానలకు నీళ్లూరితే కాళ్లు పెట్టలేం, పని ఆగిపోతుంది.

పడుగుపేక, మంగళగిరి:
తేమ చూపే మీటరు కొన్నాను. మధ్యాహ్నం 33 చూపింది. కిటికీకి తడి చాప కట్టి, గోనెలు పరిచాక 57కు వచ్చింది. నిన్న జానెడుకు ఒక్కటే తెగింది. నాన్నగారు చూసి ఏమీ అనకుండా వెళ్లి ఇంకో గోనె తెచ్చారు. కానీ ఈ ఉదయం దాని కింద తేలు కనిపించింది. ఇసుక పోసి తడిపితే ఎలా ఉంటుంది?